చెవులకే తెలిసిన యాకిసోబా

ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఎదురింటి కజివారా తెత్సుజి గారి వంటింటి కప్పుకి బిగించిన పొగ అలారం "మంటలండీ, మంటలండీ" అని ఆడగొంతుతో అరిచింది. "మంటలు కావమ్మా, యాకిసోబా" అని ఆయన దానికి జవాబిచ్చారు. అది వినిపించుకోలేదు. ఆయన ఇంకాస్త మర్యాదగా మళ్ళీ చెప్పారు. ఈలోగా మా మెట్లదారికి ఇరువైపులా కాపురముంటున్న వాళ్ళందరూ ఇంటి చెప్పులతోనే కిందికి దిగి సైకిళ్ళ పాక దగ్గర నిలబడ్డారు. ఎదురు తలుపు మాదే కాబట్టి నేను లోపలికి వెళ్ళక తప్పలేదు. చీపురు కర్రతో అలారం నోరు మూయించి, కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పాను.

పెనంలో నాకు యాకిసోబా, అంటే సాస్‌తో వేయించిన నూడుల్స్, ఎక్కడా కనిపించలేదు. నేను పొద్దున పూట సూపర్ మార్కెట్లో వండిన కూరలమ్మే కౌంటర్ దగ్గర పనిచేస్తాను. పాడైన వంటలు చాలానే చూశాను గానీ, పైన జావ, అడుగున బొగ్గు ఒకే పెనంలో చూడటం అదే మొదలు.

"నూడుల్స్ విడివడటానికి నీళ్ళు పోయాలట కదండీ. పోశాను. క్యాబేజీ కూడా నీళ్ళొదిలింది. అవి ఇగరాలని మంట పెంచాను" అన్నారాయన, ఎక్కడ మలుపు తిప్పిందీ పోలీసులకు చెప్పే డ్రైవర్ లాగా. ఆయన ఉద్యోగమంతా ఒసాకాలో సిటీ బస్సు మీదే గడిచింది.

"మూడు కట్టలూ ఒకేసారి వేశారా?"

"పొట్లంలో మూడే ఉంటాయి కదా. విడదీసి వండొచ్చా?"

వండొచ్చన్నాను. ఆయన ఖాళీ పొట్లం తీసి, వెనక రాసింది మళ్ళీ చదివారు.

ఆయన భార్య ఫుసాయే గారు ఫిబ్రవరిలో పోయారు. నలభై తొమ్మిదో రోజు పూజ అయిపోయి, బంధువులు వెళ్ళిపోయి, పువ్వులు వాడిపోయాక ఆ ఇంట్లోంచి టీవీ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. రోజూ పొద్దున ఆయన మా కౌంటర్‌కి వచ్చి ఒకే ఒక్క బంగాళాదుంప కట్లెట్ కొనేవారు. డబ్బు కట్టడానికి మాత్రం అన్నిటికన్నా పొడవైన వరుస చూసుకుని నిలబడేవారు. పక్కన ఖాళీ వరుస ఉందని ఒకసారి చూపించాను. "పర్వాలేదండీ, ఇక్కడ బాగుంది" అన్నారు. ఆ వరుసలో ముందామె మనవడి జలుబు గురించి వెనకామెకు చెబుతోంది. ఈయన మధ్యలో నిలబడి వింటున్నారు. అంతే.

అలారం సంగతి ఆయనే ఫోన్ చేసి మరదలు చిజుకోకి చెప్పేశారు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. చిజుకో ఉండేది హిమెజి అనే వేరే ఊళ్ళో. వాళ్ళ వీధి చివరే పెద్దవాళ్ళని చూసుకునే వసతి గృహం ఒకటుంది. అందులో గది ఖాళీ అయిందట.

"నెలాఖరు ఆదివారం వస్తున్నా బావా" అందామె. ఆ గొంతు ఫోన్లోంచి మా గుమ్మం దాకా వినిపించింది. "నీ చేత్తో ఒక పూట భోజనం వండి పెట్టు. అలారం కూయకూడదు, నాకు కడుపునొప్పి రాకూడదు. అంతవరకు చేస్తే నీ కొంపలో నువ్వుండు. లేదా సంచీ సర్దుకుని నాతో రా."

ఫోన్ పెట్టేసి ఆయన నా వైపు చూశారు. "నాకు వెళ్ళాలని లేదండీ" అన్నారు.

గుడ్డు వేయించమన్నాను, కూర పొడి కలిపి కూర చేయమన్నాను. రెంటికీ తల అడ్డంగా ఊపారు. ఆదివారం మధ్యాహ్నం యాకిసోబాయేనట. ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినట్టు చెప్పారు.

"మరి ఫుసాయే గారు ఎలా చేసేవారో గుర్తుందా?"

"నేనెప్పుడూ చూడలేదు. టీవీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. వంట నా వీపు వెనక జరిగేది." సిగ్గుపడుతూ అన్నారు, "కానీ విన్నాను. మీరు వండితే, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలను."

ఆ తర్వాతి ఆదివారం వెళ్ళాను. మా ఆయన గుమ్మం దాకా వచ్చి, "ఎదురింటాయనకి వేడివేడిగా వంట, కట్టుకున్నవాడికి నిన్నటి పులుసు. బాగుందమ్మా" అన్నాడు. భార్య పోయిన మగాడి ఇంట్లో వంట చేస్తున్నాను కాబట్టి తలుపు సందులో నా బూటొకటి అడ్డం పెట్టి బార్లా తెరిచి ఉంచాను. కింది అంతస్తు ఆమె ఆ రోజు చెత్త పారేయడానికి మూడుసార్లు పైకి వచ్చింది. చెత్త పారేసే చోటు కిందుంది.

కజివారా గారు టీవీలో పాటల పోటీ పెట్టుకుని, నాకు వీపు చూపిస్తూ కూర్చున్నారు. నేను పెనం వేడెక్కనిచ్చి, సన్నగా తరిగిన పంది మాంసం వేశాను. కొవ్వు కరిగి చిటపటలాడింది.

"ఇది సరే" అన్నారు తల వెనక్కి తిప్పకుండానే.

మాంసం పక్కకి తీసి, ఆ కొవ్వులోనే నూడుల్స్ పరిచాను. కలపబోయాను.

"ఊహూ. ఇక్కడ గరిటె చప్పుడు ఉండదు."

"మాడుతుందేమోనండీ."

"మాడదు. ఫుసాయే ఇక్కడ చేతులు కడుక్కునేది. కుళాయి తిప్పండి."

కుళాయి తిప్పాను. చేతులు కడుక్కున్నాను. పెనం చప్పుడు మెల్లగా సన్నబడింది. "ఇప్పుడు" అన్నారాయన. తిరగేసి చూస్తే నూడుల్స్ అడుగున బంగారు రంగులో పెళపెళలాడుతున్నాయి. ఇన్నేళ్ళు కౌంటర్ వెనక నిలబడ్డాను, నాకీ ఓపిక ఎప్పుడూ రాలేదు. క్యాబేజీ, క్యారెట్, పెసర మొలకలు వేసి, మాంసం కలిపి, సాస్ పోశాను. ఆ ఘాటుకి నాకు పెద్ద తుమ్ము వచ్చింది.

"అదే!" అన్నారు కజివారా గారు ఉత్సాహంగా. "తనూ అక్కడే తుమ్మేది."

నవ్వాను. పళ్ళాల్లో సర్ది, పైన సముద్రపు నాచు పొడి చల్లి, ఎర్ర అల్లం పెట్టి బల్ల మీద ఉంచాను. ఆయన తిరగలేదు. టీవీలో ఎవరో రైతు గొంతు చించుకుని పాడుతున్నాడు. ఆయన మెడ కదలకుండా అలాగే వేచి ఉన్నారు. ఇక్కడ ఇంకేదో వినిపించాలి కాబోలు, అది నాకు తెలియదు.

"ఏమని పిలిచేవారు?" అని అడిగాను.

"పిలిచేది కాదు. కుర్చీ లాగేది."

కుర్చీ లాగాను. ఆయన నవ్వు ముఖంతో గబుక్కున తిరిగారు. నన్ను చూశారు. ఆ నవ్వుని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు, ఎటు చూడాలో నాకు తెలియలేదు.

"ఓ... మీరు కదూ" అన్నారు. నూడుల్స్ తినే పుల్లలతో ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నారు. "ఇదేనండీ. ఇదే." పుల్లలు కింద పెట్టేశారు. మళ్ళీ తీయలేదు. నేను లేచి వెళ్ళడం బాగుండదని నా పళ్ళెం ఖాళీ చేశాను. అంత రుచిగా ఉన్నదాన్ని అంత కష్టపడి తినడం నా జన్మలో అదొక్కసారే. బయటికి వస్తుంటే ఆయన తన పళ్ళెం ఫుసాయే గారి ఫోటో ముందు పెట్టి, చిన్న గంట కొట్టడం వినిపించింది. మెట్ల మీద కింది అంతస్తు ఆమెకు గంభీరంగా నమస్కారం చేశాను. పళ్ళ నిండా నాచు పొడి ఉందని ఇంటికి వెళ్ళాక మా ఆయన చెప్పాడు.

ఆ తర్వాత ఆయన నన్ను వంటకి పిలవలేదు. ఎదురు తలుపు వెనక పెనం మాత్రం మోగేది, ఎప్పుడు పడితే అప్పుడు, మంగళవారం కూడా. ఒకరోజు కౌంటర్ దగ్గర ఆగి గొంతు తగ్గించి అడిగారు.

"నూడుల్స్‌తో వచ్చే ఆ సాస్ పొట్లాలు వాడకపోతే తప్పా అండీ?"

"తప్పేముంది? ఉప్పు, మిరియాలతో కూడా చేసుకుంటారు. దించాక నిమ్మకాయ పిండండి."

ఆయన నిమ్మకాయ కొనుక్కుని పొడవాటి వరుసలో నిలబడ్డారు.

నెలాఖరు ఆదివారం చిజుకో కేకుల పెట్టెతో దిగింది. సాక్షిగా నన్నూ కూర్చోబెట్టింది. ముందు ఫ్రిజ్ తెరిచింది, తర్వాత సింకు కింద తొంగి చూసింది, తర్వాత కప్పు మీది అలారాన్ని చూసి, "ఇదేనా నువ్వు కబుర్లు చెప్పిన ఆవిడ?" అంది.

"అవును. ఈమధ్య మాటల్లేవు" అన్నారు కజివారా గారు.

టీవీ పెట్టలేదు. పొయ్యికి ఎదురుగా నిలబడి, ఒక్కొక్క కట్టే విడిగా వండారు. మొదటిసారి నూనె చిందితే చిజుకో కుర్చీలోంచి సగం లేచింది. ఆయన మంట తగ్గించారు. గరిటె అంచుతో నూడుల్స్ కొస ఎత్తి చూశారు, మళ్ళీ వదిలేశారు, మళ్ళీ ఎత్తి చూశారు. చెవులతో కాదు, కళ్ళతో చేస్తున్నారు. పొగ లేవలేదు. అలారం నోరు మెదపలేదు. సాస్ లేదు కాబట్టి మాలో ఎవరమూ తుమ్మలేదు. నూడుల్స్ తెల్లగా, మిరియాల వాసనతో బల్ల మీదికి వచ్చాయి. ఆయనే మా ఇద్దరికీ కుర్చీలు చూపించి, తను గోడకి వీపు ఆనించి, గది మొత్తం కనిపించే చోట కూర్చున్నారు.

చిజుకో మొదట మాంసం ముక్క ఒకటి కొరికి చూసింది. తర్వాత ముద్ద మీద ముద్ద తింది. పళ్ళెం అడుగున మిగిలిన మొలకలు కూడా ఏరుకుని తింది. ఆయన తన పళ్ళెంలోది ఒక్కొక్క పోగే నిదానంగా తింటూ ఆమె ముఖం చూస్తున్నారు. నేను ఆయన పళ్ళెం చూస్తున్నాను. ఖాళీ అయింది.

"సరే బావా" అంది చిజుకో మూతి తుడుచుకుంటూ. "ఉండు ఇక్కడే. ఆ గది వద్దని రేపు నేనే చెప్పేస్తాను."

కజివారా గారు తల వంచి నమస్కరించారు. తల ఎత్తేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చిజుకో మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. అక్క ఫోటో వైపు ఒకసారి చూసి, ఖాళీ పళ్ళెం ముందుకి నెట్టింది.

"కానీ బావా, ఇన్నేళ్ళు అక్క చేతి వంట తిన్నావు కదా. ఇది అక్క చేసినట్టు ఒక్క పిసరు కూడా లేదు."

"అచ్చం అలాగే ఉంటే నాకు గొంతు దిగదు చిజుకో" అన్నారు కజివారా గారు.