వంతు వదులుకున్న బాబాయిగారు

మా పక్కింటి బాబాయిగారు మంగళవారం పోయారు. మా ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వరసగా ఒకటే మాట: "చాలా సౌమ్యులు." నిజమే. ఆ సౌమ్యత వల్లే నాకు బీపీ వచ్చింది.

కార్ల కంపెనీలో ఇంజినీరుగా రిటైరయ్యాక ఆయన లోకమంతా స్టీల్‌హెడ్ చేపే. పెద్ద సరస్సులో బలిసి, వసంతంలో గుడ్లు పెట్టడానికి ఊరి మధ్య నదిలోకి ఎదురీదే చేప అది. హైవే వంతెన కింద, రబ్బరు ప్యాంటు తొడుక్కుని నడుం లోతు చన్నీళ్ళలో నిలబడి గాలం వేసేవారు. పట్టి, వదిలేసేవారు. శుద్ధ శాకాహారి మరి. "తినని చేపని పట్టడమెందుకండీ?" అని, తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో అడిగితే, "మీరు క్రికెట్ చూసి బంతి తింటారా?" అన్నారు.

ఆ గట్టు మీద ఒక మర్యాద ఉంది. ఎవరికైనా చేప పడితే పక్కవాళ్ళంతా గాలాలు చుట్టేసుకుని చోటివ్వాలి. ప్లాంటు కార్మికుడైనా, డాక్టరైనా అంతే. టికెట్టు లేని అలాంటి చోటుకి కంచె వేయాలన్నారు, ఎదుట కొత్త అపార్ట్‌మెంట్లలో చేరినవాళ్ళు. నది ఎవడబ్బ సొత్తు?

సిటీ హాల్లో విచారణకి ఆయన్ని నేనే తీసుకెళ్ళాను. కంచె వద్దనే మా తరఫున మాట్లాడవలసింది ఆయనే. అంతకుముందు, కంచె కావాలనే ఒకావిడ లేచింది. తెల్లారకుండానే కిటికీ కింద కేకలని, పసిబిడ్డకి నిద్ర లేదని చెబుతూ ఏడ్చింది. టైమైపోయిందని మైకు ఆపేశారు. బాబాయిగారు లేచి, "ప్లీజ్, షి కెన్ టేక్ మై టైమ్" అని కూర్చున్నారు!

కార్లో అరిచాను. "మీ వంతు ఆవిడకెందుకిచ్చారు?"

"మాట మధ్యలో ఉందమ్మాయ్. అడ్డం వేస్తామా?"

"అది చేపల రూలు! రాజకీయాల్లో పనికిరాదు!"

"పనికిరాని చోటికి నన్నెందుకు తీసుకొచ్చావ్ మరి?"

కంచె పడింది. ఆయన చేసింది తప్పే, ఇప్పటికీ అంటాను. మర్యాద తెలిసినవాళ్ళు వంతులు వదులుకుంటూ పోతే గట్లన్నీ అది తెలియనివాళ్ళవే అవుతాయి. అయినా, ఆ రోజు నుంచి ఏ సభలోనూ ఎదుటివాళ్ళ మాట మధ్యలో తుంచలేకపోతున్నాను. ఆయన నాకిచ్చిపోయిన చిరాకు ఇది.

నిన్న పిన్నిగారు చెప్పారు. "ఈ వసంతంలోనూ రోజూ వెళ్ళారమ్మా. చంకల దాకా ఆ రబ్బరు ప్యాంటు తొడుక్కునే."

"కంచె ఉంది కదండీ?"

"దాన్ని పట్టుకుని నీళ్ళకేసి చూసి వచ్చేవారు. వచ్చాక ప్యాంటు ఆరేసేవారు."

అది ఇంకా వాళ్ళ గరాజ్‌లో తలకిందులుగా వేలాడుతోంది. కింద నేల మీద ఒక్క చుక్క లేదు.