కడవెడు నీళ్ళు యాడికి పాయె?

ఇట్ల దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వాకిలి మూయద్దు, అట్లనే తెరిసుండనీ. నేను చెప్పేది కట్టుకథ కాదు. నా కొడుకు ఈరన్న మీద ఆన. ఇప్పుడు వాడికి మీసం నెరిసింది గానీ... ఆ రాత్రి వాడు నా ఒళ్ళో పట్టేంత పిల్లోడు. ఆ రాత్రి వాణ్ణి నేను పోగొట్టుకుంటానే అనుకుంటి.

మాది కోసిగి పక్క పల్లె. కర్నూలు రాజధాని అయిందని అందరూ చెప్పుకునే దినాలు. రాజధాని వచ్చె గానీ మాకు వాన రాలే. నా మొగుడు కాలవ తవ్వే పనికి పొయ్యిండె. ఇంట్లో నేను, మా అత్త నాగమ్మ, ఈరన్న. ఇంక మా నల్ల ఎనుము.

ఆ ఎనుము సల్ల తాగనోళ్ళు మా వీధిలో లేరు. పొద్దున్నే నేను కవ్వం ఆడించే సప్పుడు ఇంటే సాలు, ముంతలు పట్టుకొని వచ్చేటోళ్ళు.

ఒకనాడు అది మేత ముట్టలే. నోట్లోనుంచి జొల్లు... తీగలు తీగలుగా. గొంతు మారిపాయె. ఎనుము అరిసినట్ల లేదు, బాయి అడుగునుంచి ఎవరో పిలిసినట్ల ఉండాది. తొట్టి కాడికి తోలుకపోతే నీళ్ళను చూసి ఎనక్కి... ఎనక్కి పాయె. గోడకు తల కొట్టుకొని కొట్టుకొని, పొద్దు గుంకక ముందే సచ్చిపాయె.

అప్పుడొచ్చినాడు గొర్రెలు కాసే మల్లన్న. మెల్లగా అన్నాడు. "దీన్ని యెర్రికుక్క కరిసిండాదమ్మా. చేనుగట్టు కాడ నేనే చూస్తి. గీసుకపొయ్యిందిలే అనుకుంటి."

అంతే. యెర్రికుక్క కరిసిన ఎనుము సల్ల తాగితిమని ఊరంతా గుప్పుమనె.

యెర్రికుక్క జబ్బు మా పక్క ఎప్పుడో, యాడో ఒకరికి వచ్చేది. కానీ దాని పేరెత్తితే ముసలోళ్ళు గూడా గొంతు తగ్గించేటోళ్ళు. అది వచ్చినోడికి మందు లేదు. నీళ్ళను చూసి భయపడతాడు, అదే గుర్తు. దప్పి మాత్రం పోదంట. నీళ్ళు, నీళ్ళు అని అరుస్తానే ఉంటాడంట... గుక్క మాత్రం దిగదంట. సల్ల తాగితే ఆ జబ్బు రాదని తర్వాత పట్నంలో డాక్టరు చెప్పినాడులే. ఆ రాత్రి మాకెవరు చెప్తారు?

ఊరంతా మా వాకిట్లో నిలబడె.

"ఏం సుంకమ్మా, నీ ఎనుము ఎంటే మమ్మల్ని గూడా పంపిస్తావా?" అనింది పక్కింటి గంగమ్మ.

మా అత్త ఊరుకుంటాదా? "నిన్న ముంత కడుక్కొని మళ్ళీ వచ్చి పోయించుకుంటివి గదమ్మే! అప్పుడు నీ నోరు యాడికి పొయ్యింది?"

ఊరి పెద్ద హనుమంతప్ప ముందుకొచ్చినాడు. ఆయప్ప గూడా మా సల్ల తాగినోడే. "అరుసుకోవద్దండి. తెల్లారితే బండ్లు కట్టి పట్నం పోదాం, బొడ్డు చుట్టూ సూదులేస్తారంట. ఇప్పుడు ఇండ్లకు పోయి అందరూ నీళ్ళు తాగి చూసుకోండి. దిగితే భయం లేదు. తెల్లారేలోగా ఎవరికి దిగదో..." ఆయప్ప చేతిలో కొత్త తాడు ఉండాది. "వాళ్ళను కొట్టంలో కట్టేయాల. పెద్దోళ్ళని లేదు, పిల్లోళ్ళని లేదు. ముందర ఒకసారి గూడా అట్లే జేస్తిమి."

ఆ మాటకు మా అత్త తల దించుకునింది. ఎందుకో నాకు తెలీలే.

ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పండుకోలే. ఇంటింటా చెంబు కడవకు తగిలే సప్పుడు. గుటక... మళ్ళీ గుటక. "దిగిందా?" "దిగింది." "ఇంకొకసారి తాగు." తాగి తాగి, కడుపుబ్బి, ఒకరెనక ఒకరు బయటికి పరిగెత్తేదే పని. వేరే దినమైతే నవ్వి సచ్చేటోళ్ళం.

నా ఈరన్న మాత్రం తాగలే.

చెంబు నోటి కాడికి తీసుకపోతే మొగం తిప్పుకునె. బుజ్జగిస్తి. తాగలే. బెల్లం ముక్క చూపిస్తి. తాగలే. పండ్లు గట్టిగా కరుసుకొని చెంబును తోసేసినాడు. వాడి సుట్టూ మా మొగాలు చూసి బెదిరినాడో... నీళ్ళనే చూసి బెదిరినాడో... దేవునికి తెల్సు.

గోడ మీదినుంచి గంగమ్మ తల కనపడె. "తాగినాడా?"

"తాగినాడు," అంటి.

"మరి నాకు గుటక ఇనపళ్ళేదే..."

తల కిందికి పాయె. తెల్లారితే తాడు తెస్తారు. నా బిడ్డను ఆ ఎనుము గుంజకే కడతారు. "నాయనా, ఒక్క గుక్క... నీ కాళ్ళు మొక్కుతా," అని పసిబిడ్డ కాళ్ళు పట్టుకుంటి నేను. వాడు ఏడ్సి ఏడ్సి పండుకునె. మా అత్త గోడకు ఆనుకొని కళ్ళు మూసుకునింది. నేను కడవ పక్కన పెట్టుకొని, చెంబు పట్టుకొని, గడప కాడనే కూర్చుంటి.

వీధిలో సప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపాయె. ఒక్క కుక్క గూడా అరవలే.

అప్పుడు...

"అమ్మా... దప్పి."

గొంతు ఎండి పగిలినట్ల ఉండాది. తలెత్తితే మనిషి కనపడలే. దీపం ఎలుగు గడప దాటి ఎంత దూరం పోతాదో అంత దూరంలో... రెండు చేతులు. దోసిలి పట్టినాయి. అంతే. మొగం చీకట్లోనే ఉండాది.

"ఎవరప్పా?" అంటి.

"నీళ్ళు పొయ్యమ్మా."

దప్పి అన్నోడికి లేదని ఎట్ల చెప్పేది? నా బిడ్డ తోసేసిన చెంబే ఎత్తి పోస్తి. సన్నగా ధార పడతాండాది. పోస్తానే ఉండా... పోస్తానే ఉండా... చెంబు ఖాళీ అయ్యె. అప్పుడు తెలిసె నాకు. సప్పుడు లేదు. గుటక లేదు. కింద బండ మీద చుక్క పడిన సప్పుడు గూడా లేదు.

"ఇంకా..."

కడవలో ముంచి పోస్తి. మళ్ళీ ముంచి పోస్తి. ఆపుదామంటే నా చెయ్యి ఆగదు. దోసిలి దగ్గరికి వచ్చె. మణికట్లు కనపడె. రెండిటి సుట్టూ... తాడు ఒరుసుకపోయిన గుర్తులు. కండ లోపలికి దిగిన గుర్తులు.

అది చూసి గూడా ఇంకొక చెంబు ముంచి పోస్తి.

ఎనకాలనుంచి నా కొంగు ఎవరో లాగిరి.

"అమ్మా... అన్నీ ఆయప్పకే పోస్తే నాకేదీ?"

ఈరన్న! లేసి నిలబడి, చిన్న దోసిలి పట్టినాడు. ఆయప్పను చూసి నేర్సుకున్నట్ల, అట్లనే పట్టినాడు. కడవ వంచితే అడుగున కొంచెం ఉండె. పోస్తి. గుటక్... గుటక్... గుటక్. ఆ సప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది.

తిరిగి చూస్తే గడప అవతల ఎవరూ లేరు. బండ మీద చెయ్యి పెట్టి చూస్తి. పొడిగా ఉండాది. పగటి ఎండకు కాగిన ఏడి ఇంకా తగ్గలే. కడవ కారిందేమో అని ఎత్తి చూస్తి. దాని అడుగు గూడా పొడే.

మా అత్త కళ్ళు తెరిసింది. "ఎవరితో మాట్లాడతాండావే?"

"ఎవరో దప్పి అని వచ్చిరత్తా. మణికట్ల మీద తాడు గుర్తులు..."

అంతే, ఆయమ్మ కొంగుతో నోరు మూసుకునింది. తెల్లారేదాకా కొంగు తీయలే.

పొద్దున్నే హనుమంతప్ప తాడుతో వచ్చినాడు, ఎనక ఊరు. మా కడవలో చుక్క లేదు. ఈరన్నను ఎత్తుకొని బాయి కాడికే పోతి. చేదతో తోడి అందరి ముందరా పోస్తి. ఊరు మెడలు సాచి చూసె. వాడు గటగటా తాగి, మూతి తుడుసుకొని, "సాలు" అనె. గంగమ్మ "ఇనపడె, నాకు ఇనపడె!" అని ఏడ్సింది. హనుమంతప్ప తాడు కింద పారేసినాడు. నా చేతిలోని చేద లాక్కొని తానూ తాగినాడు. రాత్రంతా ఆయప్పకు గూడా గుక్క దిగలేదంట, ఎవరికీ చెప్పలేదంట.

ఊర్లో ఎవరికీ ఆ జబ్బు రాలే.

ముందర ఎవరిని కట్టేసినారు అని మా అత్తను శానాసార్లు అడిగితి. చెప్పలే. చెప్పకుండానే పాయె. కానీ బతికినన్నాళ్ళూ ఆ రాత్రి తర్వాత, పండుకునే ముందర గడప అవతల ఒక చెంబు నీళ్ళు పెట్టేది. ఇప్పుడు నేను పెడతాండా. కొన్ని పొద్దులు నిండుగానే ఉంటాది. కొన్ని పొద్దులు... వద్దులే. పిల్లీ కుక్కా తాగినా తాగుంటాయి. మనిషో, నా కండ్లో, ఏమో... నాకు ఇప్పటికీ తెలీదు.

పోయి పండుకోండి ఇంక. మీ ఇంటి కడవలు ఎప్పుడూ నిండుగా ఉండాల. మీ బిడ్డల గొంతుల్లో నీళ్ళు గుటక్ గుటక్ మని దిగాల. మీ గడప కాడికి దప్పి అని వచ్చినోళ్ళు ఎవరైనా సరే... తాగి, సల్లగా పోవాల.