ఆంటీ చదివిన థైరాయిడ్ కార్డు

నర్సు లైసెన్సు పరీక్షకు రెండోసారి చదువుతున్న ఆ రోజుల్లో, నా కంటికి ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్కరూ కనిపించేవారు కాదు. మొదటిసారి తప్పాను. (కాకినాడలో నాలుగేళ్లు నర్సింగ్ చదివి, రెండేళ్లు వార్డులో పనిచేసిన నేను తప్పానని మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.) అమెరికాలో మాస్టర్స్ చేస్తూ, అరోరా అనే ఊళ్లో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో మేడమీద గదిలో ఉండేదాన్ని. అంకుల్, ఆంటీ ఇద్దరిదీ హన్మకొండ. వాళ్లమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగం చేసేది. నా జబ్బుల పుస్తకం ఇటుకంత లావుండేది. గుండె ఒక వారం, ఊపిరితిత్తులు ఒక వారం అని పంచుకుని, గుర్తుండాల్సినవన్నీ చిన్న చిన్న కార్డుల మీద రాసుకునేదాన్ని. చిక్కల్లా ఏమిటంటే, నేను ఏ వారం ఏది చదివితే ఆ జబ్బు ఆ వారమే ఇంట్లోవాళ్లకు వచ్చేసేది.

గుండె వారంలో అంకుల్ టీవీ చూస్తూ కాళ్లు చాపుకుంటే, వెళ్లి బొటనవేలితో పిక్క దగ్గర నొక్కాను. గుంట కనిపించింది. "అంకుల్, ఒంట్లో నీరు చేరుతోంది, వెంటనే డాక్టర్‌కి చూపించండి" అన్నాను. ఆయన తాపీగా కిందికి చూసుకుని, "అది సాక్స్ ఎలాస్టిక్ బిడ్డా" అన్నారు. అప్పటినుంచి నేను ఆయనకు డాక్టరమ్మనయ్యాను. కాలేయం వారం మరీ ఘోరం. వాళ్లింట్లో ఎవరిదో పుట్టినరోజు పార్టీ. వచ్చిన ఒక పెద్దమనిషి కళ్లు నాకు పచ్చగా కనిపించాయి. "అంకుల్, ఒక్కసారి కిటికీ దగ్గరికి వస్తారా?" అని ప్లేటుతో సహా ఆయన్ని నడిపించుకుపోయాను. వెలుతురులో చూస్తే కళ్లు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి. పచ్చదనం అలంకరణ కోసం కట్టిన బల్బులది. ఆయన మాత్రం ఆ తర్వాత కేకు ముట్టలేదు.

అందరూ వెళ్లాక ఆంటీ బొంగురు గొంతుతో ఒక్క మాటన్నారు. "మా ఇంటికొచ్చినోళ్ల కండ్లల్లకు ఇంక చూడకు."

ఆంటీకి నేనంటే గిట్టదని అప్పటికే నిర్ధారించుకున్నాను. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. జులై ఎండల్లో ఏసీ ఆపేసి, స్వెటర్ వేసుకుని సోఫాలో కూర్చునేవారు. మేడమీద నేను ఉడికిపోయేదాన్ని. నన్ను పొమ్మనలేక పొగపెట్టడమంటే ఇదేననుకుని, వేరే గది కోసం వెతకడం కూడా మొదలుపెట్టాను. పరీక్షకు నెలన్నర ఉంది.

ఒక శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కార్డులు తిప్పుతూ నాలో నేనే గొణుక్కుంటున్నాను. ఆంటీ కాఫీ కప్పు నా ముందు పెట్టి, ఎదురుగా కూలబడ్డారు. "నీ అంతట నువ్వే అడుక్కుంటే ఏమొస్తది? ఇటియ్యి, నేనడుగుత" అన్నారు. భయంభయంగా కట్ట ఇచ్చాను. ఆ వారం హార్మోన్ల గ్రంథుల వంతు. కళ్లజోడు సవరించుకుని, ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ, తనకు అర్థం కావడానికి పైకే తెలుగు చెప్పుకుంటూ చదివారు.

"ఎప్పటికీ చలి పెడ్తది. ఒళ్లు వస్తది. మొఖం ఉబ్బుతది. గొంతు బొంగురు. జుట్టు ఊడుడు. యాది మరుపు. ఏ పని చెయ్యబుద్ధి కాదు..." అక్కడ ఆగి, కార్డును వెనక్కీ ముందుకీ తిప్పారు. మొహం ఎర్రబడింది. "ఏందే ఇది? కార్డు మీద నా గురించి రాసుకున్నవా?"

"అయ్యో, ఒట్టు ఆంటీ! అది థైరాయిడ్!" అంటూ మేడమీదికి పరిగెత్తి, ఇటుకంత పుస్తకాన్ని మోసుకొచ్చి, అచ్చయిన పేజీ చూపించాను. ఆవిడ ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదువుతుంటే, నేను మొదటిసారి ఆవిడ మొహంలోకి సరిగ్గా చూశాను. ఉబ్బిన రెప్పలు. పలచబడ్డ కనుబొమలు. జులైలో స్వెటర్. పార్టీకొచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి కామెర్లు అంటగట్టిన దాన్ని, రోజూ నాకు కాఫీ ఇచ్చే మనిషిలో ఇవేవీ చూడలేదు. కోపమనుకున్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మా గోల విని వంటింట్లోకి వచ్చిన అంకుల్ నవ్వేశారు. "మొన్న నాకు గుండె, నిన్న ఆయనకు లివర్, ఇయ్యాల ఈమెకు థైరాయిడా డాక్టరమ్మా?"

"నవ్వుడు బంద్ చేసి అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యండి" అన్నారు ఆంటీ. ఆవిడ అంకుల్‌తో అన్ని మాటలు కలిపి ఒకేసారి అనడం నేను విన్నది అదే మొదలు.

రక్తపరీక్ష చేసిన మూడో రోజున క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గిపోయిందని, చాన్నాళ్లనుంచే ఉండి ఉంటుందని, రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలని చెప్పారు. అంకుల్ ఆరోజు నవ్వలేదు. వంటింట్లో నిలబడి, ఎటో చూస్తూ, "రెండేండ్ల సంది నాతోని సరిగ మాట్లాడ్త లేదు. నా మీద మనసు విరిగిందనుకున్న" అన్నారు. నేను వేరే గది వెతకడం మానేశాను.

పరీక్షనాటికి ఆవిడ ముఖం తేటపడింది, మాట కదిలింది. తనే కారు డ్రైవ్ చేసి నన్ను దింపారు. "బుగులు పడకు. థైరాయిడ్ అడిగితే నా మొఖం యాది చేస్కో" అన్నారు. ఆరోజు థైరాయిడ్ మీద ఒక్క ప్రశ్నా రాలేదు. అన్నీ మూత్రపిండాలే. అయినా పాసయ్యాను. గుడిలో కనిపించిన ప్రతివాళ్లకూ ఆంటీ, "ఈ పిల్లనే నా జబ్బు కనిపెట్టింది" అని చెప్పేవారు. కనిపెట్టింది మీరేనని నేను ఎంత చెప్పినా విన్నారు కాదు. ఆవిడ ఇచ్చిన ఆ మర్యాదకు నేటికీ రుణపడే ఉన్నాను.

ఇప్పుడు నా వార్డులో కొత్తగా చేరిన నర్సులకు పని నేర్పుతున్నాను. మొన్న ఒకమ్మాయి ఆయాసపడుతూ వచ్చి, ఏడో గదిలో పెద్దాయన వణుకుతున్నారని, ఆయనకు నాలుగు జబ్బులున్నాయని అనుమానంగా ఉందని చెప్పింది. నవ్వు ఆపుకుని, "పద, చూద్దాం. ముందు ఆయన పక్కన కాసేపు కూర్చుని మాట్లాడదాం" అన్నాను. తీరా చూస్తే, ఆయన దుప్పటి అడిగి గంటయింది, ఎవరూ ఇవ్వలేదు. ఆ పిల్ల నాలుక కరుచుకుని దుప్పటి కోసం పరిగెత్తింది. అచ్చం నాలాగే పరిగెత్తింది.