ఖాళీ స్థలంలో ఆరుగురు

దెయ్యాలంటూ కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ నమ్మను. మరి ఆ వేలిముద్ర సంగతేటి అని అడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది ఆమదాలవలస. విజయనగరంలో ప్లానింగ్ డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇళ్ళు, రోడ్లు, బస్టాపులు ఎక్కడ ఉండాలో నేర్పే చదువు. మేం నిజంగా నేర్చుకునేది వేరు. సీనియర్ల మ్యాపు ముందేసుకుని, ఇంటింటికీ తిరిగి నింపాల్సిన సర్వే ఫారాలు హాస్టల్ మంచం మీదే నింపేస్తాం. సార్లకీ తెలుసు. సిగ్గులేని పని!

పోయినేడు ప్రాజెక్టుకి మాత్రం అలా చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. నాకిచ్చిన వార్డు నెల్లిమర్ల రోడ్డులో ఉంది. పట్టపగలు పదకొండింటికి స్కూటీ మీద వెళ్ళాను. సీనియర్ల పాత మ్యాపులో 'ఖాళీ స్థలం' అని ఉన్నచోట పెంకుటిల్లు కనిపించింది. అరుగు మీద ఒక ముసలామె చేటలో బియ్యం ఏరుతోంది.

"మా ఇల్లు కూడా రాసుకో తల్లీ. ఆరుగురం ఉన్నాం. ఎవులూ రాయనేదు," అంది.

ఆరు పేర్లూ రాసుకున్నాను. సంతకం చెయ్యమని ఫారం, పెన్నూ ఇచ్చాను. తిరిగిచ్చాక చూడకుండా మడిచి సంచిలో పెట్టాను. హాస్టల్లో విప్పితే సంతకం చోట నల్లటి వేలిముద్ర ఉంది. నేనిచ్చింది నీలం పెన్ను. ఇంకు ప్యాడ్ నా దగ్గర లేనే లేదు.

మార్కుల రోజు సార్ ఆ ఫారం చూసి, "అక్కడ ఇల్లే లేదు, ఇది దొంగ ఫారం," అన్నారు. నాకు తిక్క రేగింది. వచ్చి చూడండన్నాను. సార్ రాలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళతో వెళ్ళాను.

తుమ్మ డొంకలు, నాలుగు పునాది రాళ్ళు. అంతే.

ఎదురు టీకొట్టాయనకి ఆరు పేర్లూ చదివి వినిపించాను. ఆ ఇంటోళ్ళేనట. ఏళ్ళ కిందట మునిసిపాలిటీవాళ్ళు రోడ్డు కోసమని వచ్చి, కాలేజీ పిల్లలు గీసిచ్చిన మ్యాపులో ఇక్కడ ఇల్లే లేదని పడగొట్టేశారట. ఆ దిగులుతోనే ముసలామె పోయిందట. రోడ్డు మాత్రం ఇంతవరకూ రాలేదు.

కాలేజీకొచ్చి పాత మ్యాపు మళ్ళీ తీశాను. కింద మూలన, ఆ మ్యాపు గీసిన విద్యార్థి పేరుంది. మా సార్ పేరే.

మ్యాపు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఒక్కసారైనా అక్కడికెళ్ళారా సార్ అని అడిగాను. ఆ ఫారం తీసేస్తే పాస్ చేస్తానన్నారు. తియ్యలేదు. ఫెయిల్ చేశారు. అమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

ఆ ముద్ర ఎలా పడిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఈ ఏడు మళ్ళీ అదే ప్రాజెక్టు, అదే సార్. ఆ ఫారమే అన్నిటికంటే పైన పెడతాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ.