వంటింటి గొళ్లెం

మా వీధిలో తాళాలావిడకి కోపం వస్తే ఆకురాయి చప్పుడులోనే తెలుస్తుంది. పక్క కొట్లో గొడుగులు బాగుచేసుకునే నాకు ఆ చప్పుడు కంఠతా వచ్చు. ఆడపడుచు పేరెత్తితే చాలు, ఇనుము కూడా కేకలు పెడుతుంది.

ఆ పగకి కారణం ఉంది. ఆవిడ కూతురు, మేమంతా బుజ్జమ్మ అని పిలిచే పిల్ల, ఒక క్రోమోజోము ఎక్కువై డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. తల్లి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లని మేనత్త ఇంట్లో ఉంచారు. అస్తమానం దాహం, పక్క తడపడం. "ఇలాంటి పిల్లలింతే, నీళ్లు తగ్గిస్తే దారికొస్తుంది" అని ఆ మహాతల్లి వంటింటికి తాళం పెట్టింది. పిల్ల స్పృహ తప్పింది. ఒంటిని కాపాడాల్సిన బలగమే ఎదురుతిరిగి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందనీ, ఇలాంటి పిల్లల్లో ఈ రకం షుగరు జబ్బు కాస్త ఎక్కువేననీ డాక్టరు చెప్పాడు. బుజ్జమ్మ బతికింది. ఇక రోజూ సూదులే. మేనత్త నోటినుంచి మాత్రం "తప్పు నాదే" అన్న ముక్క రాలేదు. ఆ ముక్క వినడానికే తాళాలావిడ కాచుకుని కూర్చుంది.

మొన్న మండుటెండలో ఆ మేనత్తే వచ్చింది. తాళంచెవి లోపల మరిచి తలుపు లాగేసుకుందట. నాకు కడుపు చల్లబడింది.

"కాస్త వచ్చి తీసిపెట్టవే."

"ఆ రోజు వంటింటికి తాళం ఎందుకేశారో చెప్పండి వదినా. వెంటనే వస్తా."

"పాతవన్నీ ఇప్పుడెందుకు తవ్వుతావు? పిల్ల మంచికే కదా చేశాను!"

తాళాలావిడ పనిముట్ల సంచి మూసేసింది. కూర్చోమని స్టూలు కూడా చూపించలేదు. మేనత్త ఎండలో నిలబడి పెదాలు తడుపుకుంటోంది. నిలబడనీ అనుకున్నాను. నాకేం జాలి కలగలేదు.

ఇంతలో బుజ్జమ్మ లోపల్నుంచి తన నీళ్లసీసా పట్టుకొచ్చి ఇచ్చింది. మేనత్త గటగటా తాగింది.

"ఇంకా తాగు అత్తా. ఇక్కడ తాళం లేదు."

మేనత్త గడప మీద కూలబడింది. "తప్పు నాదేనే తల్లీ," అంది నేల చూస్తూ.

క్షమించేసిందనుకుంటున్నారా? తాళాలావిడ వెళ్లి తలుపు తీసింది. నేనూ వెంట వెళ్లాను, చూడకుండా ఉండగలనా? ఆవిడ నేరుగా వంటింటి దగ్గరికి నడిచి, స్క్రూలు విప్పి, గొళ్లెం ఊడదీసి సంచిలో వేసుకుంది.

ఆ గొళ్లెం ఇప్పుడు కొట్లో మేకుకి వేలాడుతోంది. ఎవరైనా ధర అడిగితే, "అది అమ్మను. మా వదిన వచ్చినప్పుడల్లా చూడాలి" అంటుంది.