సీతమ్మ తిన్న మాడు

నా మనుమరాలు కవితల పుస్తకం వేసింది. కాగితం మందంగా ఉంది గానీ, పేజీకి నాలుగు లైన్లే. మిగతా జాగ అంతా ఖాళీ. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, కవిత్వం నాకు తెలియదు. కాగితం దండుగ మాత్రం తెలుస్తుంది.

కూడబలుక్కుంటూ చదివాను. మొదటి కవిత దగ్గరే ఆగిపోయాను. వనవాసంలో సీతమ్మ రోజూ కుండ అడుగున మాడిన అన్నమే తిన్నదట. అందుకే అగ్నిపరీక్ష నాడు నిప్పు ఆమెను గుర్తుపట్టి, మన మనిషే అనుకుని పక్కకు జరిగిందట.

ఈ కథ ఏ పురాణంలోనూ లేదు. నా వంటింట్లో పుట్టింది. చిన్నప్పుడు ఈ పిల్ల మాడు చూస్తే మూతి తిప్పేది. పారేయడానికి నాకు ప్రాణం ఒప్పదు. అందుకని సీతమ్మను పట్టుకొచ్చాను. పిల్ల పళ్లెం నాకి పెట్టింది.

"ఓ పిల్లా, గిది నేను అల్లిన కథనే" అన్నాను.

దాని మొహం తెల్లబోయింది. "అమ్మమ్మా! ముందుమాటల మన పూర్వీకుల కథ అని రాసిన. రేపు సభకు పెద్ద పెద్దోళ్లు వస్తున్రు. గిది తెలిస్తే నా పుస్తకాన్ని ఎవరన్న నమ్ముతరా?"

"ఇంకెన్ని రోజులే, నేను గూడ పూర్వీకురాలినే అయిత."

"నవ్వులాట గాదు. సభల నువ్వు నోరు తెరవకు."

నేను తెరవలేదు. వాళ్లే తెరిపించారు. ముఖ్య అతిథిగా వచ్చిన సారు ఆ కవితే చదివి, కళ్లు తుడుచుకుని, నన్ను వేదిక మీదికి పిలిచాడు. శాలువా కప్పుతుంటే కొస పట్టి చూశాను, ఉన్ని కాదు.

"అమ్మా, ఈ కథ మీరు ఎక్కడ విన్నారు?" అని మైకు నా మూతి ముందు పెట్టాడు.

మనుమరాలు ముందు వరసలో పుస్తకాన్ని ఎదకు అదుముకుని కూర్చుంది. నిజం చెబితే దాని పరువు పోతుంది. ఏదో ఒక ఊరి పేరు చెబితే వీళ్లు పోయి వాకబు చేస్తారు. ఎవరూ పోలేని ఊరు కావాలి.

"వేములఘాట్ల ఇన్న సారూ."

ఆ ఊరికి నేను ఒక్క పెళ్లికే పోయాను. అక్కడ పప్పే సరిగ్గా వడ్డించలేదు, ఇక కథలెవరు చెబుతారు? ఇప్పుడది మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్ల అడుగున ఉంది.

సభంతా అయ్యో అంది. అంతలో వెనక నుంచి నా వయసు ఆమె ఒకతి లేచింది.

"మాది గా ఊరే. నీళ్లొచ్చినంక గజ్వేల్ దిక్కు ఉంటున్నం."

ఊరు మునిగింది గానీ మనుషులు మునగలేదన్న సంగతి నాకు తోచనేలేదు. మనుమరాలు కళ్లు మూసుకుంది.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కొంగు సర్దుకుంది. "నిజమే సారూ. మా అత్త గూడ చెప్పేది. లక్ష్మణుడు గూడ గా మాడు అడిగిండట. సీతమ్మ ఒక్క ముక్క ఇయ్యలేదట."

చప్పట్లు మోగాయి. సారు రాసుకున్నాడు.

సభ అయ్యాక, చాయ్ దగ్గర కుర్చీలో కూర్చున్న ఆమెను పట్టుకున్నాను. "ఓ వదినె, మీ అత్త గీ కథ ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు మైకుల చెప్పినప్పుడే." ఆమె నవ్వకుండా చాయ్ ఊదుకుంది. "ఊరైతే నీళ్లల్ల వోయింది. ఇయ్యాల మా ఊరి పేరు తీస్తే గింత మంది ఇన్నరు. కాదని ఎట్లంట?"

ఇంతలో మనుమరాలు పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "అమ్మా, మీ ఊరి కథలు ఇంక ఉన్నయా?"

"ఎందుకు లేవు బిడ్డా" అని ఆమె నా దిక్కు చూసింది. "మేమిద్దరం కూసుంటే ఎన్నన్న వస్తయి."

నేను ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.