కుక్కకు మిరప్పొడి, యాదన్నకు నిమ్మకాయ

మా కుక్క తన పెంట తానే తినకుండా నాచారంలోని కుక్కల మందుల షాపులో ఒక పొడి ఇచ్చిండ్రు. మూత తీస్తే మిరప ఘాటు. అంతే, నేను ఉప్పల్‌లో మా పాత గేటు ముందు పిల్లగాణ్నై నిలబడ్డ.

అప్పట్లో మా టైగర్‌ది కూడా అదే రోగం. "రేపు పొద్దుగాల దీన్ని యాదన్న ఆటోల అన్నోజిగూడ అవతల ఇడిసిపెట్టిస్త," అన్నడు నాయిన. నేను ఏడ్చిన ఏడుపుకు రామంతాపూర్ చెరువు అలుగు పారింది.

తెల్లారి పొగమంచులో చూస్తే, గేటు ముందు టైగర్ పెంట మీద నెత్తురు లాంటి మిరప్పొడి, చుట్టూ కోసిన నిమ్మకాయలు. పక్కన జుట్టు విరబోసుకున్న నాయినమ్మ గుసగుసగా ఏదో అంటున్నది. టైగర్ మూతి పెట్టి, శ్మశానంలోని కుక్కలన్నీ ఒక్కటై ఏడ్చినట్టు ఊళ పెట్టింది. దాని ప్రాణం నిమ్మకాయలో దూరిందనుకున్న.

అప్పుడే యాదన్న వచ్చి, ఆటో దిగబోయి ఆగిండు.

"అవ్వా, గిదేంది?"

"ఏం లేదు బిడ్డా. దాటి రా, కుక్కను తీస్కపో."

"నేను దాట! నాకు పిల్లలున్నరు!"

హారన్ కూడా కొట్టకుండా ఆటో తిప్పుకొని పోయిండు. మళ్లీ ఏ ఆటో డ్రైవరు టైగర్‌ను ఎక్కించుకుంటననలేదు.

టైగర్ పెంట తినుడు మానింది, ముసలిదయ్యేదాకా మా ఇంట్లోనే బతికింది. కుక్కకైతే మిరప్పొడి చాలు. నిమ్మకాయలు, విరబోసిన జుట్టు యాదన్న కోసమని నాకు ఇన్నేండ్లకు తెలిసింది.